మొండితనం కాదు... ఆందోళన!
ఆజ్ఞకు బెదిరే ఆటిజం చిన్నారులతో మాటతీరే కీలకం

తెనాలి, బాపట్ల, రేపల్లె: ‘స్నానానికి లే’ అనగానే మంచం కిందకు దూరే బాబు, ‘చెప్పులు వేసుకో’ అంటే కాళ్లు నొప్పులని ఏడ్చే పాప కొన్ని ఇళ్లలో కనిపిస్తారు. కాసేపటికి ఎవరూ అడగకుండానే ఆ పని తామే చేస్తారు. చూసేవారు దీనిని పెంకితనమంటారు. రెండు తగిలిస్తే దారికొస్తారని సలహా ఇస్తారు. ఆటిజం ఉన్న కొందరు చిన్నారుల విషయంలో ఈ సలహా బెడిసికొడుతుంది. వారిని ఆపుతున్నది పొగరు కాదు, ఆందోళన.

బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ న్యూసన్ 1980వ దశకంలో ఈ తీరును గుర్తించి ‘పాథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్’ అని పేరు పెట్టారు. 2003లో ఆమె బృందం దీనిపై పరిశోధన పత్రాన్ని ప్రచురించింది. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో దీనికి ప్రత్యేక స్థానం లేదు. ఇది వేరే రుగ్మతా, ఆటిజంలోనే ఒక తీరా అన్న చర్చ ముగియలేదు. పేరు ఏదైనా తల్లిదండ్రుల అవస్థ మాత్రం నిజం.

ఒకరు ఆజ్ఞాపించిన క్షణాన అంతా తన చేయి దాటిపోతున్నట్లు బిడ్డకు తోస్తుంది. అప్పుడు ఇష్టమైన పనినైనా చేయలేడు. నిన్న చేసినది నేడు చేయకపోవడం నటన కాదు.

మాట మార్చడానికి తెలుగులో మంచి సౌలభ్యమే ఉంది. ‘తిను’ అనే బదులు ‘తిందామా’ అనవచ్చు. ‘పెరుగన్నమా, పప్పన్నమా’ అని ఎంపికను బిడ్డకే వదలవచ్చు. ‘ఈ గుండీ నాకు పట్టడం లేదే’ అని తల్లి తనలో తాను అనుకున్నట్లు పలికితే చిన్న చేయి ముందుకు రావచ్చు. అయితే ‘తింటావా’ అని అడిగి, వద్దన్నా బలవంతంగా తినిపిస్తే ఆ పాచిక మరునాడు పారదు. మెప్పు సైతం బరువే. నలుగురిలో ‘మా బాబు బంగారం’ అని పొగిడితే, రేపు కూడా చేసి తీరాలన్న ఒత్తిడి మొదలవుతుంది. చాక్లెట్ ఆశ చూపడమూ అంతే. పెళ్లిళ్లలో ‘మామయ్యకు నమస్కారం పెట్టు, ఒక పాట పాడు’ అని బిడ్డను ముందుకు నెట్టే అలవాటును బంధువులు మానుకోవడమే మేలు.

అన్నింటా సడలింపు కుదరదు. మందులు, రద్దీ రోడ్లు, డెల్టా ఊళ్లలోని కాలువ గట్లు బేరానికి లొంగేవి కావు. అక్కడ ‘కాలువ లోతు, చేయి పట్టుకునే నడుస్తాం’ అని కారణంతో కలిపి క్లుప్తంగా చెప్పాలి. మిగిలిన రోజంతా ఆజ్ఞలు తగ్గితేనే ఆ ఒక్క మాట చెవికెక్కుతుంది. ఏడుపు ఉధృతమైన వేళ బోధ పనికిరాదు. గొంతు తగ్గించి, చుట్టూ మూగినవారిని పంపివేసి, పక్కన కూర్చుంటే చాలు.

1995 నాటి వికలాంగుల చట్టంలో లేని ఆటిజం, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాలలో చేరింది. వైకల్య ధ్రువపత్రానికి ఆ పేరుతోనే దరఖాస్తు చేసుకోవాలి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఏ మాటకు బిడ్డ బెదురుతున్నాడో, ఏ మాటకు కదులుతున్నాడో వారం రోజులు కాగితంపై రాసి తీసుకువెళితే, అక్కడి ఉపాధ్యాయులకు, వైద్యులకు పని సులువవుతుంది.