ఒక్క మాటంటే బతికేవాళ్లు

మొహర్రం వచ్చిందంటే నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో పీరీలు, అంటే అమరుల పేర నిలిపే పంజాలు, లేస్తాయి. నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్లలో, పీరీలకు దట్టీ గుడ్డలు కట్టేవాళ్లలో, మలీద ప్రసాదం పంచేవాళ్లలో హిందువులే ఎక్కువగా ఉండే ఊళ్లు తెలంగాణలో బోలెడు. పాడేది మాత్రం ఊచకోత కథ. 680లో ఇరాక్‌లోని కర్బలాలో ప్రవక్త మహమ్మద్ మనవడు హుస్సేన్‌నూ, ఆయన వెంట నిలిచినవాళ్లనూ ఖలీఫా యజీద్ సైన్యం గుక్కెడు నీళ్లు అందనివ్వకుండా చంపింది. అంతకు పదేళ్ల ముందే కన్నుమూసిన అన్న హసన్‌ను కూడా చాలా పాటలు ఆ యుద్ధంలోకి లాక్కొస్తాయి. చరిత్రకారులు విసుక్కోనీ, అన్నదమ్ములు జంటగా లేకపోతే మన జనానికి కథ రుచించదు.

ఇంత నెత్తురున్న కథ ఏటేటా ఎందుకు వింటాం? హింస చూడటం మనిషికి సరదా అంటే సరిపోదు. పేపర్లో వచ్చే హత్యకు ఎవరూ పండుగ చెయ్యరు కదా! హుస్సేన్ యజీద్‌కు లొంగుతానంటే బతికేవాడు. కార్తేజ్‌లో 203లో చనిపోయిన క్రైస్తవ యువతి పెర్పెతువాదీ అదే కథ. రోమన్ చక్రవర్తి క్షేమం కోరి బలి అర్పిస్తే వదిలేసేవారు. ఆమె చంటిబిడ్డను చూపించి తండ్రి బతిమాలినా వినలేదు. చివరికి కత్తి పట్టిన కుర్రాడి చెయ్యి వణికితే, ఆమే దాన్ని తన గొంతు మీదికి తెచ్చుకుందట.

మాటలెవరైనా చెబుతారు. నమ్మినదాని కోసం నష్టపోయేవాణ్ణి చూస్తేనే మనకు గురి కుదురుతుందని పరిశోధకుడు జోసెఫ్ హెన్రిక్ 2009లో వాదించాడు. కథకులు ఒక్కో గాయాన్నీ వర్ణించేది అందుకే కావచ్చు, నష్టం ఎంతో కళ్లకు కట్టాలి. అయితే ప్రాణమిచ్చినవాడు నిజాయితీపరుడని తేలుతుందే గాని, అతను నమ్మింది సత్యమని తేలదు. ఆత్మాహుతి దళాలను తయారుచేసేవాళ్లు మన మనసులోని ఈ గజిబిజినే వాడుకుంటారు.

ఇక కలిసి ఏడవడం. ఆక్స్‌ఫర్డ్‌లో మనస్తత్వవేత్త రాబిన్ డన్‌బార్ బృందం కొందరికి విషాద చిత్రం, మరికొందరికి మామూలు డాక్యుమెంటరీలు చూపించింది. ఫలితాలు 2016లో వచ్చాయి. గోడకు ఆనుకుని, కుర్చీ లేకుండా కూర్చునే పరీక్షలో విషాదం చూసినవాళ్లే ఎక్కువసేపు ఓర్చుకున్నారు. పక్కవాళ్లతో దగ్గరితనమూ పెరిగింది. ఒంట్లో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లే కారణమని వాళ్ల ఊహ. నలుగురూ అడుగు కలిపి ఆడినా ఇలాగే జరుగుతుందని మరో ప్రయోగంలో తేలింది. గుండం దగ్గర డప్పుకు ఆటా, కథకు ఏడుపూ రెండూ ఉన్నాయి.

కర్బలాలో చనిపోయింది 72 మంది అని సంప్రదాయం. కానీ అందరికంటే ఎక్కువగా ఏడిపించేది దాహంతో అల్లాడుతూ బాణం దెబ్బకు పోయిన ఆరునెలల అలీ అస్గర్. లెక్క పెరిగేకొద్దీ మన జాలి పెరగదు, ఒక్క ముఖానికే కరుగుతుంది. చందాలు అడిగే సంస్థలు లక్షల లెక్కలు పక్కనపెట్టి ఒక్క పిల్ల ఫోటో ముద్రించేది ఇందుకే.