లాంతరు బ్యాటరీలో నీళ్లు ఎందుకు పోయకూడదు?



మన మూడో గదిలో సోలార్ లాంతరు పది రోజుల నుంచి వెలగటం లేదని మీ అందరికీ తెలుసు. కరెంటు పోతే దాని చుట్టూ కూర్చునే చదివేవాళ్లం. పదో తరగతి అక్క ఒకామె "బ్యాటరీ ఎండిపోయిందే, ఉప్పునీళ్లు పోస్తే మళ్లీ ఎలుగుతాది" అన్నాది. జీపు బ్యాటరీలో డ్రైవరు బాబాయి నీళ్లు పోయడం చూశాం కదా, అందుకని నిజమే అనుకున్నాం. స్క్రూడ్రైవరు తెచ్చింది నేనే. సైన్సు మేడమ్ చూసి లాంతరు లాక్కున్నారు, బాగా కేకలేశారు. తర్వాత రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి అంతా చెప్పారు. అదే రాస్తున్నాను.

జీపు బ్యాటరీ వేరు, ఇది వేరు. జీపుదానిలో సీసం పలకలు, నీళ్లు కలిపిన ఆమ్లం ఉంటాయి. ఆ నీళ్లు తగ్గిపోతాయి గనుక డిస్టిల్డ్ వాటర్ పోస్తారు. మన లాంతరులో ఉన్నది లిథియం బ్యాటరీ. అందులోకి తడి వెళ్లకూడదు. దాన్ని తయారుచేసే గదిలో గాలిని కూడా ఆరబెడతారంట!

లోపల రెండు పలకలు ఉంటాయి. లిథియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను వదిలేస్తే ధనావేశం ఉన్న అయాన్ అవుతుంది. ఛార్జింగు పెట్టినప్పుడు ఈ అయాన్లు గ్రాఫైట్ పలకలోకి వెళ్లి దాక్కుంటాయి. దీపం వేసినప్పుడు తిరిగి రెండో పలకకి వస్తాయి. ఎలక్ట్రాన్లు బయట తీగలోంచి వెళ్లి దీపాన్ని వెలిగిస్తాయి. అయాన్లకు మాత్రం లోపలి ద్రవమే దారి. ఆ దారి బాగోకపోతే దీపం బాగోదు.

ఆ ద్రవం లిథియం లవణాన్ని ఒక ద్రావణిలో కరిగిస్తే వస్తుంది. ఎక్కువగా వాడే ద్రావణి పేరు ఇథిలీన్ కార్బొనేట్. ఇది లవణాన్ని బాగా విడదీస్తుంది. కాని 36 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది, చలికాలం మన కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు. ఇంకొకటి డైమిథైల్ కార్బొనేట్. ఇది నీళ్లలా పలచన, కాని లవణాన్ని విడదీసే బలం దీనికి తక్కువ. అందుకని రెండూ కలుపుతారు. గట్టి చోడి అంబలిలో మజ్జిగ కలిపినట్టే అన్నమాట.

నాకు బాగా నచ్చింది ఇది. ఒక్కో లిథియం అయాన్ తన చుట్టూ సుమారు నాలుగు ద్రావణి అణువులను లాక్కుంటుంది. అమ్మ ఒక్కతే సంతకి వెళ్తే గబగబా వెళ్లిపోతాది. నలుగురు పిల్లలు కొంగు పట్టుకుంటే మెల్లగా నడవాలి. అయాన్ కూడా అంతే. చలిలో ద్రవం చిక్కబడుతుంది, నడక ఇంకా మెల్లగా అవుతుంది. చలికాలం తెల్లవారుజామున లాంతరు తొందరగా ఆరిపోవడానికి అది ఒక కారణం. మనం ఐదో తరగతి చెల్లెళ్లను అనవసరంగా తిట్టాం, రాత్రంతా వేసి ఉంచేరని.

లవణం ఎక్కువ వేస్తే అయాన్లు ఎక్కువ కదా, మంచిదే కదా అని అడిగాను. కాదంట. లీటరుకు దాదాపు 150 గ్రాములు వేస్తే బాగుంటుంది, చాలా ఎక్కువైతే ద్రవం చిక్కబడి దారే మూసుకుపోతుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఆ లవణం పేరు లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. దానికి నీళ్లు తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. అది గాజునే తినేస్తుంది, చర్మం మీద పడితే లోపల ఎముక దాకా పోతుంది. పైగా నీళ్లు సుమారు 1.2 వోల్టులకే హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోవడం మొదలవుతుంది. ఈ బ్యాటరీది 3 వోల్టుల పైమాటే. ద్రావణులు కూడా మండేవే. మేము బల్ల మీద గ్లాసుడు ఉప్పునీళ్లు కలిపి పెట్టుకున్నాం! రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది.

"అయితే ద్రవమే లేకుండా చెయ్యలేరా మేడమ్" అన్నాను. తిక్క ప్రశ్న అనుకున్నాను గాని ఆవిడ మెచ్చుకున్నారు. 1970ల్లో రైట్ అనే శాస్త్రవేత్త, తోటివాళ్లు ఒక ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌లో లవణం కలిపితే అయాన్లు కదులుతాయని చూపించారు. 1978లో ఆర్మండ్ దాన్ని బ్యాటరీకి వాడొచ్చన్నారు. ఆ పాలిమర్ పొడవాటి గొలుసుల్లా ఉంటుంది. గొలుసు అటూ ఇటూ కదులుతుంటే అయాన్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందిస్తుంది, బోరింగు కాడ వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు. కాని 60 డిగ్రీలకు తక్కువైతే ఆ గొలుసులు చాలావరకు సర్దుకుని స్ఫటికంలా బిగుసుకుంటాయి. విరబోసిన జుట్టు గట్టిగా జడ అల్లేసినట్టు. ఇక కదలవు, బిందె అందదు.

1998లో రోమ్ విశ్వవిద్యాలయంలో క్రోచె, స్క్రొసాటి మొదలైనవారు అందులో అల్యూమినియం ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ పొడి కలిపారు. కంటికి కనిపించనంత మెత్తటి పొడి, నానోమీటర్లలో కొలవాలి. అయాన్ల నడక పెరిగింది! రాయి లాంటి పొడి వేస్తే దారి అడ్డుపడాలి కదా, నాకు నమ్మబుద్ధి కాలేదు. మేడమ్ నా జడ విప్పి, పాయల మధ్య మూడు చింతగింజలు పెట్టి మళ్లీ అల్లమన్నారు. గట్టిగా రాలేదు, వదులుగానే ఉండిపోయింది. పొడి చేసేది అదే. దాని పైతలం లవణంలోని రుణావేశ భాగాన్ని పట్టి ఉంచి లిథియాన్ని వదులుగా ఉంచుతుందని కూడా చెబుతారు. కాని గింజలు గుప్పెడు పెడితే జడే ఉండదు. పొడి మరీ ఎక్కువైతే ఉండలు కట్టి నిజంగానే దారి మూస్తుంది. ఇంత చేసినా మామూలు చల్లదనంలో ద్రవంతో సమానంగా అయాన్లను నడపదు. అందుకే మన లాంతరులో ఇంకా ద్రవమే ఉంది.

మన బ్యాటరీ ఒకవైపు ఉబ్బింది. అది ఎండిపోలేదు. లోపలి ద్రావణి కొంత విడిపోయి వాయువు అయింది. పిన్నుతో పొడిస్తే మంటలు రావచ్చు. ఇప్పుడది వెనక వరండా అవతల ఇసుక పోసిన ఇనుప బకెట్లో ఉంది. డ్రైవరు బాబాయి బుధవారం టౌనుకి తీసుకెళ్తారు. అంతవరకు బట్టలు నానబెట్టడానికి ఆ బకెట్ ఎవరూ తీయకండి.