దరఖాస్తు ఏడో తరగతిలోనే మొదలవుతుంది



మాదన్నపేట, సైదాబాదు, యాకుత్‌పురా వైపు ఉండే తల్లులతో ఇవాళ ఒక సంగతి మాట్లాడదామని ఉంది. వేసవి సెలవులు అనగానే మనకి గుర్తొచ్చేవి ఏమిటి? పెళ్ళిళ్ళు, ఆవకాయ, వడియాలు, అమ్మమ్మగారి ఊరు. ఇంట్లో పద్నాలుగేళ్ళ ఆడపిల్ల ఉంటే కారం జల్లించడానికో, చంటివాణ్ణి ఎత్తుకోవడానికో చేతికింద సాయం దొరికిందనుకుంటాం. అందులో తప్పేమీ లేదు. కాని ఆ పిల్ల తొమ్మిదో తరగతి చదువుతుంటే, ఆ వేసవిలో ఆమె వెళ్ళగలిగిన చోటు ఇంకొకటి ఉంది. పదో తరగతికి వచ్చాక వెళతానన్నా వీలుండదు. అందుకని ముందుగానే చెబుతున్నాను.

మన భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అదే ఇస్రో, బడిపిల్లల కోసం ఒక వేసవి శిబిరం నడుపుతోంది. పేరు యువ విజ్ఞాని కార్యక్రమం. అందరూ పొట్టిగా 'యువిక' అంటారు. 2019 మే నెలలో మొదలైంది. ఆ ఏడాది రాష్ట్రానికి ముగ్గురు పిల్లల్ని చొప్పున తీసుకున్నారు. కోవిడ్ వల్ల మధ్యలో ఆగి, 2022లో మళ్ళీ మొదలై, తరవాత పిల్లల సంఖ్య పెరుగుతూ వచ్చింది. శిబిరం సుమారు రెండు వారాలు. సైంటిస్టుల ఉపన్యాసాలు వింటారు, ప్రయోగశాలలు చూస్తారు, చిన్న నమూనా రాకెట్లు తయారుచేస్తారు, రాత్రిపూట నక్షత్రాలు చూడటం నేర్చుకుంటారు. శిబిరం తిరువనంతపురం, బెంగుళూరు, అహ్మదాబాదు, షిల్లాంగు, డెహ్రాడూన్, శ్రీహరికోట, మన హైదరాబాదు కేంద్రాల్లో జరుగుతూ వచ్చింది. హైదరాబాదులో అంటే బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. ఉపగ్రహాలు తీసిన చిత్రాల్ని చదివి వరద ఎంతవరకు వచ్చింది, పంట ఎలా ఉంది, అడవి ఎంత తగ్గింది అని లెక్క చెప్పే సంస్థ అది. మూసీకి ఇవతల ఉన్న మనకి అది ఊరికి ఆ చివర ఉన్నట్టుంటుంది గాని, మన ఊళ్ళోదే.

పిల్ల ప్రయాణపు ఖర్చు, వసతి, భోజనం, పుస్తకాలు అన్నీ ఇస్రోయే భరిస్తుంది. కనుక మధ్యలో ఎవరైనా వచ్చి "ఇంత కట్టండి, సీటు ఇప్పిస్తాం" అంటే వాళ్ళని గుమ్మంలోనుంచే పంపించెయ్యండి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఎవరికి దొరుకుతుంది?

ఆ సంవత్సరం జనవరి 1 నాటికి మన దేశంలో తొమ్మిదో తరగతి చదువుతూ ఉండాలి. సర్కారు బడైనా ప్రైవేటు బడైనా, స్టేటు సిలబస్ అయినా సెంట్రల్ సిలబస్ అయినా ఫరవాలేదు. ఎంపిక రాష్ట్రాలవారీగా జరుగుతుంది. అంటే మన పిల్ల పోటీ పడేది ఢిల్లీ, బొంబాయి పిల్లలతో కాదు, తెలంగాణ పిల్లలతోనే. పెద్ద ప్రవేశపరీక్ష ఏమీ లేదు. దీనికి కోచింగు సెంటరు అక్కర్లేదు. మార్కుల పట్టిక ఒకటి ఉంది. 2024లో ఇచ్చిన ప్రకటన ప్రకారం ఆ పట్టిక ఇలా ఉంది, కాస్త కాగితం మీద రాసుకోండి.

ఎనిమిదో తరగతి మార్కులకి 50. ఇంటర్నెట్‌లో పెట్టే చిన్న క్విజ్‌కి 10. గత మూడేళ్ళలో సైన్సు ఫెయిర్‌లో పాల్గొన్నందుకు బడిస్థాయి అయితే 2, జిల్లాస్థాయి అయితే 5, రాష్ట్రస్థాయి లేక అంతకు పైన అయితే 10. ఒలింపియాడ్ లాంటి సైన్సు పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో వస్తే స్థాయినిబట్టి 2, 4, 5. ఆటల పోటీల్లో గెలిస్తే అలాగే 2, 4, 5. స్కౌట్స్ అండ్ గైడ్స్‌లోనో, ఎన్.సి.సి.లోనో, ఎన్.ఎస్.ఎస్.లోనో సభ్యత్వం ఉంటే 5. పంచాయతీ పరిధిలోని పల్లెటూరి బడిలో చదివే పిల్లలకి 15. మొత్తం 100.

చివరిది వినగానే కొందరికి మనసు చివుక్కుమంటుంది. "మనది పట్నం, మన పిల్లకి ఆ 15 రానే రావు గదా!" అని. నిజమే, రావు. కాని ఒక్క లెక్క వేసి చూద్దాం. పల్లెటూరి పిల్ల ఒకతె ఉందనుకోండి. ఎనిమిదిలో నూటికి 80 తెచ్చుకుంది. పట్టికలో అవి 40 అవుతాయి. పల్లె బడికి 15, క్విజ్‌లో 8. మొత్తం 63. మాదన్నపేట పిల్ల నూటికి 90 తెచ్చుకుంది. అవి 45. క్విజ్‌లో తనకీ 8. మొత్తం 53. పది తక్కువ. ఆ పది ఎక్కడినుంచి తేవాలి? గైడ్స్‌లో చేరితే 5. జిల్లా సైన్సు ఫెయిర్‌కి వెళితే 5. సరిగ్గా 63.

మన పిల్లకి ప్రయోగశాల ఉన్న బడి, లైబ్రరీ, బస్సెక్కితే సైన్సు మ్యూజియం అందుబాటులో ఉన్నాయి. ఆ ఊరి పిల్లకి అవి లేవు. ఆమెకి లేనివాటికి బదులుగా ఇచ్చినవే ఆ 15. మనకి ఉన్నవి మనం వాడుకుంటే ఆ తేడా పూడుతుంది. వాడుకోకపోతే తప్పు పట్టికది కాదు.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. ఎనిమిదో తరగతి మార్కులు అన్నారు. దరఖాస్తు పెట్టేనాటికి అవి ఎప్పుడో అయిపోయిన మార్కులు. గత మూడేళ్ళ సర్టిఫికెట్లు అన్నారు. అంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులవి. 2024లో దరఖాస్తులు ఫిబ్రవరి 20 నుంచి మార్చి 20 వరకు, 2025లో ఫిబ్రవరి 24 నుంచి మార్చి 23 వరకు తీసుకున్నారు. ఆ నెల రోజుల్లో మనం చెయ్యగలిగింది క్విజ్ ఒక్కటే, అంటే నూటికి పది. మిగిలిన తొంభై అప్పటికే తేలిపోయి ఉంటుంది. ప్రకటన పేపర్లో పడ్డాక హడావుడి పడితే లాభం లేదని ఇందుకే అంటున్నాను. దరఖాస్తు నింపేది తొమ్మిదిలో, రాసుకుంటూ రావలసింది ఏడునుంచి.

ఏడో తరగతి పిల్ల తల్లి ఏం చెయ్యాలి? మొదటిది, బడికి వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్‌గారిని రెండు ప్రశ్నలు అడగండి. "మన బడిలో గైడ్స్ గాని ఎన్.సి.సి. గాని ఉన్నాయా? ఈసారి సైన్సు ఫెయిర్ ఎప్పుడు?" చాలామంది తల్లులు ఫీజు కట్టడానికి తప్ప బడి గడప తొక్కరు. అడిగిన తల్లి పిల్ల పేరు టీచరుకి గుర్తుంటుంది.

రెండోది, సైన్సు ఫెయిర్‌కి ఏం చెయ్యాలి అన్నది. దుకాణంలో అమ్మే థర్మోకోల్ అగ్నిపర్వతాలు కొనివ్వకండి. మన మాదన్నపేట కూరగాయల మండిలోనే బోలెడు సైన్సు ఉంది. ఉదాహరణకి, ఎండాకాలంలో ఆకుకూర మధ్యాహ్నానికల్లా ఎందుకు వాడిపోతుంది? సమానంగా తూచిన రెండు తోటకూర కట్టలు తీసుకోండి. రెండూ నీడలోనే, చెరొక బుట్టలో పెట్టించండి. ఒక బుట్టమీద తడి గోనెపట్టా కప్పండి, రెండోది అలాగే వదిలెయ్యండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తూకం వేసి రాయించండి. ఇలా ఏడు రోజులు. గోనెలో నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. మట్టికూజాలో నీళ్ళు చల్లబడేదీ అందుకే. పైగా తడి గోనెకింద గాలి తేమగా ఉంటుంది కనుక ఆకులోని నీరు త్వరగా పోదు. ఇక్కడొక చిక్కుంది. గోనె కట్టకి తగిలితే నీళ్ళు అంటుకుని బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని ఎలా తప్పించాలి? ఆ ప్రశ్నకి జవాబు మీరు చెప్పకండి, పిల్లనే ఆలోచించనివ్వండి. న్యాయనిర్ణేతలు అడిగేది అలాంటిదే. సొంతంగా చేసిన పిల్ల తడుముకోకుండా చెబుతుంది, కొన్న బొమ్మ పట్టుకొచ్చిన పిల్ల నీళ్ళు నములుతుంది.

ఇలాంటి ఆలోచన బాగుంటే 'ఇన్‌స్పయిర్ మానక్' అనే కేంద్రప్రభుత్వ పథకానికి బడి తరఫున పంపించవచ్చు. ఎంపికైతే నమూనా తయారుచెయ్యడానికి 10,000 రూపాయలు పిల్ల బ్యాంకు ఖాతాలోకే వస్తాయి. కనుక పిల్ల పేరున ఖాతా ఉండాలి.

మూడోది, కాగితాలు. పాత చీరల పెట్టెలో ఒక మూల ఒక ఫైలు పెట్టండి. మార్కుల కార్డులు, పోటీల సర్టిఫికెట్లు, గైడ్స్ సభ్యత్వం కాగితం ఏ రోజువి ఆ రోజే అందులో పడాలి. సర్టిఫికెట్ మీద పిల్ల పేరు, తేదీ, ఏ స్థాయి పోటీ అన్నది, సంతకం ఉన్నాయో లేదో ఇచ్చిన రోజునే చూసుకోండి. ఆధార్ కార్డులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఇంటిపేరు ముందో వెనకో, ఒక అక్షరం ఎక్కువో తక్కువో అన్న తగాదా చివరి వారంలో తేలేది కాదు.

ఇక తొమ్మిదో తరగతి ఫిబ్రవరి వచ్చిందనుకోండి. దరఖాస్తు ఇస్రోవారి 'అంతరిక్ష జిజ్ఞాస' వెబ్‌సైటులో పెట్టాలి. ముందు పేరు నమోదు, దానికి ఈ-మెయిల్ కావాలి. ఆ ఈ-మెయిల్ ఇంట్లోవాళ్ళదే అయి ఉండాలి. ఇంటర్నెట్ సెంటరు అబ్బాయిది ఇస్తే ఎంపికైన కబురు అతనికి చేరుతుంది, మనకి చేరదు. తరవాత క్విజ్. ఆ తరవాత వివరాలు నింపడం, బడివారు ధ్రువీకరించిన కాగితాలు ఎక్కించడం. మార్చి అంటే బడిలో పరీక్షల హడావుడి, సంతకం కోసం రెండుసార్లు తిరగవలసి రావచ్చు. మొదటి వారంలోనే వెళ్ళండి. అంకెలు, తేదీలు ఏ ఏడుకి ఆ ఏడు మారవచ్చు గనుక ఆ సంవత్సరపు ప్రకటన పూర్తిగా చదివాకే నింపండి. లేని సర్టిఫికెట్ ఉందని మాత్రం రాయించకండి. కాగితాలు చూసినప్పుడు ఉన్న మంచిపేరు కూడా పోతుంది.

ఇతర దేశాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. అమెరికాలో 1984 నుంచి రిసర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరు వారాల వేసవి శిబిరం ఉంది. ఎం.ఐ.టి.లో జరుగుతుంది, ఎంపికైనవారికి చదువు ఉచితం. అక్కడ మార్కులతోపాటు పిల్లలు స్వయంగా రాసిన వ్యాసాలు, టీచర్ల సిఫారసు ఉత్తరాలు చూస్తారు. ఎక్కడైనా చూసేది ఒక్కటే: ఈ పిల్ల తనంతట తాను ఏం చేసింది? వాళ్ళు వ్యాసంలో వెతికేదాన్ని మనవాళ్ళు పట్టికలో వెతుకుతున్నారు.

చివరికి అన్నిటికన్నా గట్టి చిక్కు ఇంట్లోనే వస్తుంది. "ఈడొచ్చిన పిల్లని రెండు వారాలు ఎక్కడికో పంపిస్తావా?" అని అత్తగారో బావగారో అంటారు. వాళ్ళ భయం భయమే, కొట్టిపారెయ్యకండి. వసతి ఎక్కడ, ఆడపిల్లలతో ఎవరుంటారు, ఫోను ఎప్పుడు చెయ్యవచ్చు అని కేంద్రంవారిని అడిగి, జవాబులు ఇంట్లో అందరికీ వినిపించండి. గైడ్స్ క్యాంపుకి ఏడులోనో ఎనిమిదిలోనో రెండు రాత్రులు పంపి ఉంటే ఈ మాట సగం ఆనాడే తేలిపోతుంది. తన పక్క తనే సర్దుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, కొత్తవాళ్ళతో మాట్లాడటం పిల్లకీ అలవాటవుతాయి. పెళ్ళిళ్ళు మరో ఏడు కూడా వస్తాయి. ఆవకాయ పిన్నిగారు వచ్చి కలిపిపెడతారు. తొమ్మిదో తరగతి మాత్రం ఒక్కసారే.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడిమీద దిగిన సాయంత్రం టీవీలో మాట్లాడిన అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కల్పనగారిని చూసి మనమంతా చప్పట్లు కొట్టాం. ఆవిడా ఒకనాడు తొమ్మిదో తరగతి పిల్లే. మన పక్కన కూర్చుని టీవీ చూసిన పిల్ల సంగతి కూడా అప్పుడే ఆలోచించాలి.

అన్నీ చేసినా ఎంపిక కాకపోవచ్చు. రాష్ట్రం మొత్తంమీద కొద్దిమందికే దొరికేది గనుక ఎక్కువమందికి రాదు. ఆ సంగతి పిల్లకి ముందే చెప్పండి. రాకపోయినా ఎనిమిదిలో తెచ్చుకున్న మార్కులు ఎక్కడికీ పోవు. తోటకూర తూకాల పుస్తకం, గైడ్స్‌లో నేర్చిన ధైర్యం, నలుగురి ముందు నిలబడి జవాబు చెప్పిన అలవాటు పోవు. ఆ వేసవిలో ఒక ఆదివారం నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియంకి తీసుకువెళ్ళండి. 1985 నుంచి ఉన్నదే, మనలో ఎంతమంది చూశాం?

మీ ఇంట్లో ఏడో తరగతి పిల్ల ఉంటే ఈ వారమే బడికి వెళ్ళి ఆ రెండు ప్రశ్నలు అడగండి. ఎనిమిదో తరగతి పిల్ల ఉంటే ఫైలు తెరవండి. తొమ్మిదో తరగతి పిల్ల ఉంటే ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండండి. ముగ్గురూ లేకపోతే పక్కింటావిడకి ఈ మాట చెప్పండి.