కాపలాదారునే బయటకు మోసేస్తే?

క్యాన్సర్ అనగానే జన్యువు పాడైపోయిందనే అనుకుంటాం. మరి జన్యువు బాగానే ఉండి, దాన్నుంచి తయారైన ప్రొటీన్ కూడా బాగానే ఉండి, అది ఉండాల్సిన చోట లేకపోతే? ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే నాకు మన కణాల్లో తిరిగే ఓ బుల్లి బండి గురించి తెలిసింది.

డీఎన్ఏ ఉండేది కణం మధ్యలోని కేంద్రకంలో. దాని చుట్టూ గోడ, ఆ గోడకు బోలెడు రంధ్రాలు. చిన్న అణువులు వాటిలోంచి ఇట్టే దూరిపోతాయి. పెద్ద ప్రొటీన్లు దాటాలంటే మాత్రం ఎవరో ఒకరు మోయాలి. అలా బయటకు మోసే బండ్లలో ముఖ్యమైనది ఎక్స్‌పోర్టిన్-1. అది చేసే పని ఇదేనని 1997లో తేలింది.

ఎవర్ని ఎక్కించుకోవాలో దానికెలా తెలుస్తుంది? బయటకు వెళ్లాల్సిన ప్రొటీన్‌లో ల్యూసిన్ లాంటి అమైనో ఆమ్లాలున్న చిన్న ముక్క ఒకటి ఉంటుంది. అదే టికెట్. టికెట్ ఒక్కటే చాలదు, జీటీపీని పట్టుకున్న రాన్ అనే మరో ప్రొటీన్ కూడా ఎక్కాలి. గోడ దాటగానే ఆ జీటీపీ కాస్తా జీడీపీగా మారుతుంది. సరుకు దిగిపోతుంది, ఖాళీ బండి మళ్లీ లోపలికి వెళ్తుంది. జీటీపీ పట్టుకున్న రాన్ కేంద్రకంలోనే ఎక్కువ. అందుకే సరుకు ఎక్కేది లోపల, దిగేది బయట. నాకు భలే నచ్చిన ఏర్పాటు ఇది!

చిక్కంతా ఇక్కడే. డీఎన్ఏ దెబ్బతింటే కణ విభజనను ఆపే కాపలాదారు పి53. దాని డ్యూటీ ముఖ్యంగా కేంద్రకంలోనే. కానీ చాలా క్యాన్సర్ కణాల్లో ఎక్స్‌పోర్టిన్-1 మోతాదుకు మించి ఉంటుంది. పి53 లాంటి కాపలాదారుల్ని బయటకు మోసేస్తుంది. ఇక లోపల అడిగేవాడే ఉండడు.

మరి బండినే ఆపేస్తే? లెప్టోమైసిన్-బి ఆ పని చేసింది. ఎక్స్‌పోర్టిన్‌ను పట్టుకుంటే ఇక వదలదు. రోగులకిచ్చి చూస్తే తట్టుకోలేకపోయారు. తర్వాత వచ్చిన సెలినెక్సార్ కూడా పట్టుకుంటుంది, కానీ మెల్లగా వదిలేస్తుంది. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌లో వేరే మందులకు లొంగని వారి కోసం 2019లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది.

అయితే మన మంచి కణాలదీ అదే బండి. అందుకే ఈ మందుతో వికారం, నీరసం, ప్లేట్‌లెట్లు పడిపోవడం లాంటివి వస్తుంటాయి. పూర్తిగా ఆపితే మనిషికి ముప్పు, వదిలేస్తే క్యాన్సర్‌కు లాభం. ఎంతసేపు ఆపాలన్నదే అసలు వైద్యం.