‘రియల్లీ కాంట్’.. ‘కాంట్ రియల్లీ’: ఒక్క మాట చోటు మారితే అర్థమే మారిపోతుంది!

ఇంగ్లిష్‌లో విల్, కెన్, షుడ్ లాంటి మాటలతో పాటు ప్రాబబ్లీ, డెఫినెట్లీ కూడా వాడుతుంటాం. మరి వీటిని ఎక్కడ పెట్టాలి? మామూలుగా అయితే విల్ తర్వాత, అసలు క్రియకు ముందు పెట్టాలి. ‘ఐ విల్ ప్రాబబ్లీ జాయిన్’ అంటే బహుశా చేరతాను అని. అదే ‘వోంట్’ వస్తే ప్రాబబ్లీ దాని ముందుకు వెళ్లిపోతుంది: ‘ఐ ప్రాబబ్లీ వోంట్ జాయిన్’.

అసలు తిప్పలంతా ‘రియల్లీ’తోనే. జాబ్ ఇంటర్వ్యూలో నైట్ షిఫ్ట్ గురించి అడిగారనుకోండి. ‘ఐ కాంట్ రియల్లీ వర్క్ నైట్స్’ అంటే కాస్త కష్టమండీ అని మెత్తగా చెప్పినట్టు. ‘ఐ రియల్లీ కాంట్ వర్క్ నైట్స్’ అంటే అస్సలు కుదరదని తేల్చేసినట్టే! అందుకే హెచ్‌ఆర్‌కు మెయిల్ పంపే ముందు ‘రియల్లీ’ ఎక్కడుందో ఒక్కసారి చూసుకోండి.