పది నోటు మీద 'ప'

రాత్రి బడి పెట్టిన మొదటి రోజే తప్పు చేశాను. అంగన్‌వాడీ నుంచి అడిగి తెచ్చుకున్న నల్లబల్ల మీద అ, ఆ, ఇ, ఈ రాసి "అందరూ అనండమ్మా" అన్నాను. రామాలయం అరుగు మీద పదకొండు మంది ఆడవాళ్ళు. అందరిలోకీ పెద్దావిడకు అరవై దాటాయి. పాపం, అన్నారు. 'ఋ' దగ్గరకొచ్చేసరికి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మర్నాడు ఏడుగురు వచ్చారు. మూడో రోజు నలుగురు. రావడం మానేసిన ఒకామె బోరింగు దగ్గర ఎదురైతే అడిగాను. "మా మనవడు గూడా అదే దిద్దతా ఉండాడు టీచరమ్మా. వాడి పక్కన కూచోని నేనూ అ ఆలు దిద్దితే వాడు నవ్వడా?" అంది.

నాకిది తెలిసి ఉండాల్సిన సంగతే. 1991లో మా నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' నడిచినప్పుడు నేనూ వాలంటీరునే. బీఈడీ చేసి ఉద్యోగం కోసం చూస్తున్న రోజులు. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైంది. 1990లో కేరళలోని ఎర్నాకుళం దేశంలో మొట్టమొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా పేరు తెచ్చుకుంది. ఆ ఊపు జిల్లా జిల్లాకూ పాకి మా దాకా వచ్చింది. జీతం లేదు. లాంతరు, బలపాలు, వాచకాలు ఇచ్చేవాళ్ళు.

ఆ వాచకాల్లో అక్షరమాల ముందు రాదు. పాఠం ఒక మాటతోనో బొమ్మతోనో మొదలవుతుంది. దాని మీద అందరూ మాట్లాడతారు. ఆ మాటను విడగొడితే అక్షరాలు వస్తాయి. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరే అనే ఆయన 1963లో అంగికోస్ అనే ఊళ్ళో కూలీలకు చదువు చెప్పిన తీరూ ఇలాంటిదేనని తర్వాతెప్పుడో చదివాను. మాకప్పుడు ఆ పేరేమీ తెలీదు. సారా మీద పాఠం వచ్చిన రాత్రి మాత్రం అక్షరాలు పక్కకు పోయాయి. ఎవరి మొగుడు ఎంత తాగుతాడో, ఎవరి గిన్నెలు తాకట్టుకు పోయాయో, అదే మాట. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు మాటలతో ఆగలేదు. సారా దుకాణం మూయించారు. వాళ్ళలో రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 'ఆడవాళ్ళు ఏకమైతే' అని వాళ్ళ కథే మళ్ళీ పాఠమై ఊరూరా చదివారు. సారా వేలాలకు అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఇదంతా కళ్ళారా చూసినదాన్ని, ముప్పై నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ 'ఋ' రాశాను. బుద్ధి ఎటు పోయిందో.

ఆ రోజుల్లో మాకు పెద్ద గెలుపు సంతకం. వేలిముద్ర వేసే చెయ్యి తన పేరు తాను రాస్తే అరుగంతా చప్పట్లు. నేనూ పొంగిపోయాను. తర్వాత బ్యాంకు ఉద్యోగం వచ్చింది. 2025లో రిటైరయ్యే దాకా కౌంటరు వెనక కూర్చుని ఆ సంతకాలే చూశాను. చాలామందికి అది రాత కాదు, ముగ్గు. చుక్కలు గుర్తు పెట్టుకుని కలిపినట్టు వేస్తారు. మధ్యలో పలకరిస్తే మళ్ళీ మొదటికొస్తారు. ఒకసారి ఒక పెద్దమ్మ డబ్బు తీసుకునే ఫారం ఇచ్చింది. "ఐదు వేలా పెద్దమ్మా?" అన్నాను. "రెండు వేలే గదమ్మా నేను జెప్పింది!" అంది. ఫారం నింపిచ్చిన కుర్రాడు గేటు దగ్గర నిలబడి ఉన్నవాడల్లా మేం చూసేసరికి లేడు. 5000 అంకె ఆమెకు తెలీక కాదు. రోజూ నోట్లు లెక్కపెట్టే మనిషే. ఆ కాయితం చదవడానికి కూడా అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టడానికే ఇస్తారనుకుంది. చెప్పాల్సినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

జనాభా లెక్కల నిబంధన ప్రకారం ఏడేళ్ళు నిండి, ఏదో ఒక భాషలో అర్థమయ్యేలా చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో అలాంటివాళ్ళు 67 శాతం. ఆడవాళ్ళలో 59. లెక్క రాసేవాళ్ళు చదివించి చూడరు, ఇంట్లోవాళ్ళు చెప్పింది రాసుకుంటారు. మా సంతకాల అక్కలు ఏ గడిలో పడ్డారో మరి.

ఐదో రోజు నల్లబల్ల తీసుకుపోలేదు. తలా ఒక పది రూపాయల నోటు తెమ్మన్నాను. నోటు వెనక పదిహేను భాషల పట్టీ ఉంటుంది. కింది నుంచి రెండో వరుస మనది. పది రూపాయలు. "ఇదేందో మీకు ముందే తెలుసు, చూసి చెప్పండి" అన్నాను. చెప్పారు. చదివారనే అంటాను నేను. 'పది'లో ప ఉంది, 'రూపాయలు'లో పా ఉంది. రెండూ వెతికి పట్టుకోమన్నాను. నోట్లు దీపం కిందకి చేరాయి. ప దొరికాక పప్పు, పాలు, పని, పొలం అని వాళ్ళే మొదలుపెట్టారు. చివర 'లు' పట్టుకుంటే పాలు వచ్చేసింది. ఆ రాత్రి ఋ ఊసు ఎవరూ ఎత్తలేదు.

సగం మంది నోటును చెయ్యి బార చాపి దూరంగా పట్టుకున్నారు. అప్పుడు వెలిగింది నాకు. చదువు రాకపోవడం ఒకటైతే, చత్వారం ఇంకొకటి. నలభై దాటిన కంటికి నోటు మీది అక్షరం చీమ. వచ్చే పోయే వాళ్ళతో కావలి నుంచి అద్దాలు తెప్పించాం. "నాకు బుర్ర లేదనుకున్నా గదమ్మా ఇన్నాళ్ళూ" అంది ఒకామె, అద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని.

బుర్రకేం తక్కువ లేదు. మా వైపు వడ్లు పుట్టి లెక్కన కొంటారు, పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి ఇరవై వేలంటే కిలో ఎంత పడుతుందో నేను ఫోను తీసేలోపు ఇద్దరు చెప్పేస్తారు, పైసలు అటూ ఇటూగా. వాళ్ళకు లేనిది ఆ లెక్కను కాయితం మీద పెట్టడం. ఎదుటివాడి కాయితం తప్పని చూపించాలంటే అదే కావాలి.

ఇప్పుడు కేంద్రం వారి 'ఉల్లాస్' ఉంది, 2022 నుంచి 2027 దాకా. పదిహేనేళ్ళు నిండి చదువు రానివాళ్ళకు జీతం లేని వాలంటీర్లే చెబుతారు. చివర 150 మార్కుల పరీక్ష. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50. చెప్పాలనుకునేవాళ్ళు అందులో చేరవచ్చు, మంచిదే. నా సలహా అడిగితే మాత్రం మొదటి వారం ఏమీ చెప్పవద్దు. వాళ్ళ ఇంట్లో ఏ కాయితాలున్నాయో చూపించమనండి. గ్యాసు పుస్తకం, పొదుపు సంఘం పాసు పుస్తకం, మందు చీటీ, పెళ్ళి శుభలేఖ. వాచకం అక్కడే ఉంటుంది. నాట్ల రోజుల్లో బడి పడుకుంటుంది, దానికి కోపం తెచ్చుకోవద్దు. ఇంకోమాట, మగవాళ్ళు మా అరుగు ఎక్కలేదు. మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తూ వింటారు. ఒకాయన అక్కడి నుంచే అందించేస్తుంటాడు, "అది వ గాదు, ప" అని.

ఆ అరవై దాటిన పెద్దావిడ కిందటి నెల పొలం పాసు పుస్తకం తెచ్చింది. చీర కొంగులో చుట్టి తెచ్చింది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు, ఆయన పేరే ఇంకా ఉంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. మధ్యలో వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది.

"టీచరమ్మా, ఆయన పేరులో ఒత్తు ఉండాలే. యాడ పోయింది?"

చూశాను. నిజమే, లేదు. ఏ ఆఫీసులో ఏ చెయ్యి వదిలేసిందో, ఇంతకాలం ఆ పుస్తకం చూసిన చదువుకున్నవాళ్ళెవరికీ కనపడలేదు. అర్జీ రాసిస్తానన్నాను. వద్దంది. తనే రాస్తుందట. అర్జీ అంటే 'మహారాజశ్రీ' అనే మొదలవ్వాలట, వాళ్ళ నాయన కరణం చేత రాయిస్తుంటే చిన్నప్పుడు విన్నది. ఈ రోజుల్లో అదేం అక్కర్లేదన్నా వినలేదు. 'మహారాజ' వరకూ వచ్చింది. 'శ్రీ' కింద క్రావడి దగ్గర రెండు రోజులుగా ఆగి ఉన్నాం.