చిక్కబళ్లాపుర సీమలో నీటి కట్టుబాటు - ప్రజారోగ్యము

రోగము శరీరమునకు సంబంధించినదనియు, దాని నివారణ వైద్యుని పనియనియు సామాన్యముగా తలంచుచుందురు. ఇది సత్యమే కాని సంపూర్ణ సత్యము కాదు. మనుష్యులు ఒకరితో నొకరు ఎట్లు మెలగుదురో, ఉమ్మడి సొత్తును ఎట్లు వాడుకొందురో, దానిని బట్టియు రోగారోగ్యములు నిర్ణయింపబడుచుండును. ఈ సంబంధమును పరిశీలించునదే సాంఘిక ప్రవర్తన శాస్త్రము. ఆత్మహత్య కేవలము వ్యక్తిగతమని తోచినను, దానియందు సైతము సంఘబంధముల బలాబలములు పనిచేయునని ఫ్రెంచి పండితుడు ఎమీల్ దుర్ఖేమ్ 1897లో వాదించెను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి అలమీడా ప్రాంతమున 6,928 మందిని తొమ్మిదేండ్లు గమనించి, బెర్క్‌మన్, సైమ్ అను పరిశోధకులు 1979లో ఫలితములను ప్రకటించిరి. బంధుమిత్ర సంబంధములు మిక్కిలి తక్కువగా గలవారిలో మరణములు, అవి సమృద్ధిగా గలవారిలోకంటె రెండు రెట్లకు మించి యుండెను.

ఈ విషయమునకు దూరదేశముల నిదర్శనములే యక్కరలేదు. తెలుగు ఇంటిభాషగా నేటికిని వ్యవహారమున నున్న చిక్కబళ్లాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాల త్రాగునీటి చరిత్ర చాలును.

2007 వరకు కోలారు జిల్లాలో చేరియుండిన ఈ సీమకు ఏడాది పొడవునను పారు నది లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని నందికొండల ప్రాంతముననే పుట్టినను, వానలు వెలసిన కొలదికాలమునకే ఇసుక బయటపడును. అందుచేత పూర్వులు చెరువులను గొలుసుకట్టుగా నిర్మించిరి. పై చెరువు నిండి అలుగు పారినచో క్రింది చెరువు నిండును. తూము తెరచి మూయుటకు, వంతు ప్రకారము నీరు పంచుటకు నీరుగంటి యుండెడివాడు. పూడిక తీయుట, కట్టకు మట్టి వేయుట ఊరి ఉమ్మడి పని. వాడుకొనువారే నియమములు చేసికొని, తమలో నొకని కావలి యుంచుకొన్నచో ఉమ్మడి సొత్తు నిలుచునని ఎలినోర్ ఆస్ట్రమ్ 1990లో తన గ్రంథమున నిరూపించి, 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందెను. ఆమె చెప్పిన సూత్రము నీరుగంటి యందు ముందే కలదు.

అట్లని ఆ కాలమును స్వర్ణయుగమని వర్ణించుట తగదు. కట్టకు మట్టి మోసినవారిలో పలువురకు ఊరి బావిలో చేద వేయు హక్కు లేకుండెను. కట్టుబాటు నీటిని కాపాడెను గాని మనుష్యులందరను సమముగా చూడలేదు.

బోరుబావులు వచ్చిన పిదప పరిస్థితి మారెను. చెరువు పదుగురిది, బోరు ఒక్కనిది. మల్బరి, ద్రాక్ష, కూరగాయల సాగుకు నీరు కావలసియుండగా రైతు బోరు వేయించుట తప్పనరాదు. కాని పొరుగువాడు మరింత లోతునకు పోగా, మొదటివాని బోరు ఎండును. అతడు అప్పుచేసి మరల త్రవ్వించును. ఇట్లు ఒక్కొక్కరు చేసినది వారివారికి న్యాయమే యైనను, అందరు చేసినది అందరకు చేటైనది. బోరులు వేయి అడుగులు దాటినవి. చెరువులపై శ్రద్ధ తగ్గి, పూడిక పెరిగి, భూమిలోనికి ఇంకు వాననీరు సన్నగిల్లెను.

ఇచ్చట రోగము ప్రవేశించుచున్నది. ఈ సీమ నేల నల్లరాతి మయము. ఆ రాళ్లలోని ఖనిజములందు ఫ్లోరైడు కలదు. లోతైన పగుళ్లలో చిరకాలము నిలిచిన నీరు దానిని కరగించుకొనును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శనము. బాగేపల్లి మొదలగు తాలూకాలలో పలు బోరులు ఈ హద్దును దాటినవి. దక్షిణదేశమున ఈ వ్యాధి వైద్యలోకమున మొదట వర్ణింపబడినది 1937లో నెల్లూరు జిల్లాలో. పిమ్మట నల్లగొండ దుఃఖము లోకవిదితమైనది. పండ్లు రూపొందు ప్రాయమున, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపు, ఈ నీరు త్రాగిన బిడ్డల పండ్లపై మచ్చలేర్పడును. ఏండ్ల తరబడి త్రాగినచో కీళ్లు బిగిసి, వెన్ను వంగును. ఎముకలకు పట్టినపిదప దీనిని పోగొట్టు మందు లేదు. నివారణ యొక్కటే శరణ్యము.

నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్వు బాలిక బాధ వైద్యశాలల లెక్కలలో చేరదు. తరగతిలో నిలిచి చదువుటకు సంకోచించు బిడ్డ మందబుద్ధి యనిపించుకొనును. వ్యాధి సంఘప్రవర్తన వలన పుట్టి, మరల సంఘప్రవర్తననే మార్చుచున్నది.

ప్రభుత్వము గ్రామములలో శుద్ధజల ఘటకములను నెలకొల్పినది. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి హెబ్బాళ-నాగవార లోయ పథకము ద్వారా ఈ జిల్లా చెరువులకు పంపుచున్నారు. ఆ నీరు భూగర్భజలము పెంచుటకే గాని త్రాగుటకు కాదు. యంత్రములు ఎన్ని యున్నను ప్రవర్తన మారనిదే ఫలము పూర్తిగా దక్కదు. త్రాగుటకు మాత్రము శుద్ధజలము తెచ్చి, అన్నము, సంగటి, పప్పు బోరునీటితో వండుకొనుచో ఫ్లోరైడు వంట ద్వారా లోపలికి పోవును. కాచినచో దోషము పోవుననుట పొరపాటు. నీరు ఇగిరిన కొలది ఫ్లోరైడు చిక్కనగును. ఘటకము చెడినపుడు అడుగువారెవరు? క్యాను మోయలేని ముసలమ్మకు, బండి లేని కూలివానికి నీరు చేర్చువారెవరు? ఇవి రసాయన శాస్త్ర ప్రశ్నలు కావు, ఇరుగుపొరుగు ప్రశ్నలు.

ఆహారమునకును ఇందు పాత్ర కలదు. సున్నము, అనగా కాల్షియము, తగినంత యున్నచో ఫ్లోరైడు శరీరమునకు పట్టుట తగ్గును. రాగులు కాల్షియమునకు పేరెన్నిక గన్నవి. అవి ఈ సీమ పంటయే. రాగి సంగటి పేదల తిండి యని దానిని పళ్లెమునుండి తొలగించుట ఎముకలకు మేలు కాదు.

భాషాసంఘములు చేయదగిన పని యొకటి కలదు. కార్యాలయ ప్రకటన కన్నడమున వెలువడును. పెక్కు ఇండ్లలో వంటింటి మాట తెలుగున నడచును. ఏ నీరు త్రాగవలెను, దేనితో వండవలెను అను నిర్ణయము జరుగునది వంటింటనే. ఊరి బోరులను పరీక్షింపించి, ఫలితమును తెలుగునను కన్నడమునను బడిగోడపై వ్రాయించి, తల్లులకు వారి మాటలలో విడమరచి చెప్పినచో అదియే పెద్ద వైద్యము. చెరువు కట్టుబాటును, అందలి పాత అన్యాయమును విడిచి, ఈ విధముగ నైనను పునరుద్ధరించుకొన్నచో రాబోవు తరము బిడ్డలు నోరార నవ్వగలరు.